ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నప్పుడు పర్వతారోహణకు వెళ్లడం బాధ్యతారాహిత్యమా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు, తొలిసారి 6,000 మీటర్లు దాటిన శిఖరం ఎక్కాలనుకుంటున్నారు, "జాగ్రత్తగా ఉంటాను" అని ఎన్నిసార్లు చెప్పినా ఇంట్లో నమ్మడం లేదు. వాళ్లది అనవసర భయమా, మీది బాధ్యతలేనితనమా అని అడిగారు.

వాళ్లు నమ్మకపోవడం సబబే. కొండ మీద పోయినవాళ్లలో దాదాపు అందరూ ఇంట్లో ఆ మాట చెప్పే బయల్దేరి ఉంటారు. "జాగ్రత్త"కు కొలత లేదు, దాన్ని ఎవరూ సరిచూడలేరు. కాబట్టి ఆ మాట మానేసి, ఇంట్లోవాళ్లు కాగితం మీద చూసి అవునో కాదో తేల్చుకోగల విషయాలు వాళ్ల ముందు పెట్టండి. అలా పెట్టలేకపోతే ఈ ఏడు వెళ్లకండి. నా జవాబు అంతే, మిగతాదంతా ఆ విషయాలేమిటన్నదే.

ముందుగా, జాగ్రత్తతో తగ్గే ప్రమాదమూ తగ్గనిదీ వేరు చేయాలి. ముడి తప్పు వేయడం, తాడు చివర దాటి జారిపోవడం, తలనొప్పి దాచిపెట్టి పైకి వెళ్లడం: ఇవి మన తప్పులు, సాధనతో తగ్గుతాయి. సెరాక్ సంగతి అలా కాదు. హిమానీనదం అంచున వేలాడే ఇంటంత మంచుగడ్డ అది. 2008 ఆగస్టు 1న ప్రపంచంలో రెండో ఎత్తైన శిఖరం కే2 మీద మొదలైన విషాదంలో 11 మంది పోయారు, బాటిల్‌నెక్ అనే ఇరుకు కాలువ పైనున్న సెరాక్ విరిగిపడడం దానికి పెద్ద కారణం. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ కింద ఖుంబూ ఐస్‌ఫాల్‌లో (హిమానీనదం పగిలి దిమ్మలుగా దిగే చోటు) పైనుంచి మంచు విరిగిపడి ఒకే దెబ్బకు 16 మంది నేపాలీ కార్మికులు మరణించారు. ఆ కార్మికులు అజాగ్రత్తపరులు కారు. ఆ దారిని వాళ్లకంటే బాగా ఎరిగినవాళ్లే లేరు. అలాంటి చోట మన చేతిలో ఉన్నది ఒక్కటే, దాని కింద గడిపే సమయం.

అందుకే మార్గం ఎంచుకునేటప్పుడు "ఎంత ఎత్తు" కంటే ముందు "సెరాక్ కింద, రాళ్లు దొర్లే కాలువ కింద ఎన్ని నిమిషాలు, ఎన్నిసార్లు" అని అడగండి. రాత్రి బయల్దేరితే చాలని కొందరంటారు. అది సగమే నిజం. చలికి రాళ్లను పట్టి ఉంచే మంచు గట్టిపడుతుంది, తడి మంచు జారడం తగ్గుతుంది, ఎండెక్కాక రెండూ పెరుగుతాయి. సెరాక్‌ను మాత్రం వెనకనుంచి నెట్టేది హిమానీనదం కదలిక. అది గడియారం చూసుకుని కదలదు. అదే ఎత్తున సెరాక్ లేని దారి, లేదా సెరాక్ లేని వేరే శిఖరం ఉంటే, పిల్లలున్న మనిషి ఎంచుకోవాల్సింది అదే. పేరు తక్కువ వస్తుంది, రానివ్వండి.

ఇంకో లెక్క చెప్తే చాలామంది ముఖం చిట్లిస్తారు కానీ చెప్పక తప్పదు. ఒక యాత్రలో ప్రాణాపాయం నూటికి ఒకటి అనుకుందాం. ఒక్కసారికి ఫర్వాలేదనిపిస్తుంది. అలాంటివి పది చేస్తే ఎక్కడో ఒకచోట పోయే అవకాశం దాదాపు నూటికి 10, ఇరవై చేస్తే 18. వెయ్యికి ఒకటి స్థాయి శిఖరాలైతే పది చేసినా నూటికి ఒకటే. కాబట్టి ఇంట్లో తేల్చుకోవాల్సింది "ఈ ఒక్కసారి వెళ్లనా" అని కాదు. పిల్లలు పెద్దయ్యేదాకా మొత్తం ఎన్ని, ఏ స్థాయివి అన్నది. క్షేమంగా తిరిగి రావడం మన నేర్పుకు రుజువు అనుకోవడం మరో పొరపాటు. జారిపోవాల్సిన వాలు ఆ రోజుకు జారలేదు, అంతే అయ్యుండొచ్చు. మంచు ఆ సంగతి మనకు చెప్పదు. వచ్చేసారి అదే వాలు మీదకు మరింత ధీమాగా వెళ్తాం.

ఇక తిరుగు సమయం, అంటే శిఖరం అందినా అందకపోయినా వెనుదిరగాల్సిన గంట. అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడుకోవాల్సింది దీని గురించే. 1996 మే 10న ఎవరెస్ట్ మీద మధ్యాహ్నం రెండు దాటాక కూడా చాలామంది పైకే నడిచారు. సాయంత్రం తుపాను పట్టుకుంది. నేపాల్, టిబెట్ వైపులు రెండూ కలిపి 8 మంది పోయారు. వాళ్లలో ఒకరైన గైడ్ రాబ్ హాల్ వెనకబడిన క్లయింట్ కోసం నాలుగు గంటల దాకా శిఖరం దగ్గరే ఆగిపోయాడు. గర్భంతో ఉన్న భార్యతో ఆయన చివరి మాటలు రేడియోకు శాటిలైట్ ఫోన్ కలిపి నడిచాయి. అదే సీజన్‌లో స్వీడన్‌కు చెందిన యోరన్ క్రోప్ శిఖరం ఇంకా 100 మీటర్లుందనగా, పొద్దుపోయిందని వెనుదిరిగాడు. దాదాపు మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్లి ఎక్కాడు.

తిరుగు సమయాన్ని అక్కడికి వెళ్లాక నిర్ణయించుకోవచ్చని అనుకోవద్దు. 5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సగం, ఎవరెస్ట్ మీద మూడో వంతు. ఆ గాలిలో బుర్ర మందగిస్తుంది, మందగించిందని తెలుసుకునే శక్తి కూడా దానితోపాటే మందగిస్తుంది. పైగా కట్టిన డబ్బు, పెట్టిన సెలవులు, కళ్లెదురుగా శిఖరం. అందుకే లెక్క ఇంటి దగ్గర, సరిపడా ఆక్సిజన్ ఉన్నచోట వేయాలి. ఇలా: చివరి క్యాంపు నుంచి శిఖరానికి 900 మీటర్ల ఎత్తు, క్రాంపాన్లతో (బూట్లకు కట్టే ఇనుప ముళ్లు) గంటకు 120 మీటర్ల వేగం అనుకుంటే ఏడున్నర గంటలు. రాత్రి ఒంటిగంటకు బయల్దేరితే ఉదయం ఎనిమిదిన్నర. దిగడానికి నాలుగు గంటలు. మధ్యాహ్నం రెండుకల్లా మబ్బు కమ్మే కొండ అయితే దిగుడుకు నాలుగు, అనుకోనిదానికి రెండు తీసేస్తే తిరుగు సమయం ఎనిమిది. అంటే ఈ ప్రణాళికే సరిపోవడం లేదు, పన్నెండుకే బయల్దేరాలి. ఇలాంటి తేడా కాగితం మీద బయటపడితే నష్టం లేదు.

దాంతోపాటు మధ్యలో ఒక వేగపరీక్ష పెట్టుకోండి. మొదటి రెండు గంటల్లో 240 మీటర్లు ఎక్కాల్సింది 160 మాత్రమే ఎక్కితే, ఎనిమిదింటిదాకా ఆగక్కర్లేదు, అక్కడే తిరగండి. అలసట పెరిగేకొద్దీ వేగం తగ్గుతుందే తప్ప పెరగదు. ఈ అంకెలు మీ దగ్గర ఒకటి, జట్టు నాయకుడి దగ్గర ఒకటి, ఇంట్లో ఒకటి ఉండాలి.

ఎత్తు జబ్బు విషయంలో ఇంట్లోవాళ్లే యాత్ర షెడ్యూలు చూసి పట్టుకోగల తప్పు ఒకటుంది. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, ప్రతి మూడు నాలుగు రోజులకు ఒక విశ్రాంతి రోజు ఉండాలి. మీ చేతిలోని షెడ్యూలులో రాత్రి బసల ఎత్తులు మాత్రం వరసగా రాసి తీసివేతలు చేయండి. సెలవులు తక్కువని రెండు రోజులు కత్తిరించిన షెడ్యూళ్లు అక్కడే దొరికిపోతాయి. పైన తలనొప్పితోపాటు వికారమో, తల తిరగడమో ఉంటే ఆ రోజు ఇంకా పైకి వెళ్లి పడుకోవద్దు. మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడవమంటే తూలుతున్నారా, మెదడు వాస్తోంది. కూర్చున్నా ఆయాసం, దగ్గు, గులాబీ రంగు నురగ అయితే ఊపిరితిత్తుల్లో నీరు. రెండిటికీ మందు దిగడమే. తెల్లవారాక చూద్దామనుకుంటే ఆ తెల్లవారడం ఉండకపోవచ్చు. ముందుజాగ్రత్తగా వాడే అసిటజోలమైడ్ పెద్దలకు మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తారు, సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి. మెదడు వాపు తగ్గించే డెక్సామెథసోన్ దిగడానికి వ్యవధి సంపాదించి పెడుతుంది, ఎక్కడానికి కాదు.

తాడు పని గురించి క్లుప్తంగా. రాపెల్ చేసేటప్పుడు, అంటే తాడు మీద జారుతూ దిగేటప్పుడు, తాడు రెండు చివరలా ముడులు వేయాలి, కింద ప్రూసిక్ ముడి (బరువు పడగానే తాడును బిగించి పట్టేది) ఆసరాగా ఉండాలి, యాంకర్ (తాడు కట్టిన ఆధారం) నుంచి విడివడేముందు బరువు తాడు మీద వేసి చూడాలి. అలసిపోయి తొందరగా దిగుదామనుకున్నప్పుడే ఈ మూడింట్లో ఒకటి ఎగిరిపోతుంది. పగుళ్లున్న హిమానీనదం మీద విడివిడిగా నడవొద్దు. ముగ్గురు ఒకే తాడుకు, మధ్యలో పదీ పదిహేను మీటర్ల ఎడంతో నడవాలి. పడిన మనిషిని కప్పీ పద్ధతిలో పైకి లాగడం మిగతా ఇద్దరికీ చేతకావాలి. అవలాంచ్‌లు (మంచు చరియలు) ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద తెగుతాయి, చిక్కుకున్న జట్టే చాలాసార్లు వాటిని కదిలిస్తుంది. పూడిపోయిన మనిషి బతికే అవకాశం పదీ పదిహేను నిమిషాల తర్వాత నిట్టనిలువునా పడిపోతుంది. బయటినుంచి వచ్చే ఏ రక్షణ బృందమూ ఆ వ్యవధిలో చేరదు. కాబట్టి బీకన్ (పూడిన మనిషి జాడ తెలిపే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే కడ్డీ), పార మీ సంచిలో ఉంటే సరిపోదు, అవి పక్కవాళ్ల దగ్గరా ఉండాలి, వాళ్లు సాధన చేసి ఉండాలి. "ఎవరితో వెళ్తున్నావు, వాళ్లకు వెతకడం వచ్చా" అన్న ప్రశ్న ఇంట్లోవాళ్లు ధైర్యంగా అడగొచ్చు.

ఇప్పుడు కాగితాలు. కొండ గురించి గంటలు మాట్లాడేవాళ్లు ఇక్కడికొచ్చేసరికి నసుగుతారు. జీవిత బీమా దరఖాస్తులో ప్రమాదకరమైన అలవాట్లు, ఆటలు ఉన్నాయా అని అడిగితే, పర్వతారోహణ రాయకుండా వదిలేసిన పాలసీ మీద క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి సాకు దొరికినట్టే. పాలసీ తీసుకున్నాక ఈ అలవాటు మొదలైతే మినహాయింపుల పేజీ చదవండి. ఏజెంటు నోటిమాట పనికిరాదు. "ఇంత ఎత్తు, తాడు, క్రాంపాన్లు, ఐస్ యాక్స్ వాడే ఆరోహణ, ఫలానా తేదీలు" అని రాసి, వర్తిస్తుందో లేదో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ప్రయాణ బీమా మరీ మోసపూరితంగా కనిపిస్తుంది. ట్రెక్కింగ్ ఉందంటారు, కింద చిన్న అక్షరాల్లో ఎత్తు పరిమితి ఉంటుంది, తాడు వాడితే వర్తించదని ఉంటుంది. వెతికే ఖర్చు, రక్షించే ఖర్చు, మృతదేహాన్ని ఇంటికి చేర్చే ఖర్చు మూడూ వేరు. మూడూ ఉన్నాయో చూడండి. హెలికాప్టర్ పిలిచేముందు బీమా కంపెనీ అనుమతి కావాలని చాలా పాలసీల్లో ఉంటుంది. ఆ నంబరు మీ ఫోన్‌లో ఉంటే చాలదు, స్పృహ తప్పేది మీరే కావచ్చు. మబ్బు పట్టినా, గాలి మరీ పల్చబడినా హెలికాప్టర్ రాదని కూడా ఇంట్లో చెప్పాలి.

అన్నిటికంటే ఎవరూ ఆలోచించనిది: మృతదేహం దొరకకపోతే? అమెరికా ఆరోహకుడు అలెక్స్ లోవ్ 1999 అక్టోబరులో టిబెట్‌లోని శిశాపంగ్మా శిఖరం మీద అవలాంచ్‌లో పోయాడు. ముగ్గురు కొడుకులు. దేహం బయటపడింది 2016లో. దేహం లేనప్పుడు మనిషి పోయాడని చట్టం ఊహించడానికి అనేక దేశాల్లో ఏడేళ్ల గడువుంది. గట్టి సాక్ష్యం ఉంటే కోర్టు ముందే ప్రకటించవచ్చు. ఈలోగా బీమా, బ్యాంకు, ఇల్లు అన్నీ ఇరుక్కుంటాయి, వాయిదాలు మాత్రం నెలనెలా వస్తాయి. కళ్లారా చూసినవాళ్ల సంతకం చేసిన వాంగ్మూలం, జీపీఎస్ జాడ, నాయకుడి నివేదిక అప్పుడు అక్కరకొస్తాయి. మీరు ఇవ్వగలిగింది ముందే ఇవ్వండి: వీలునామా, పిల్లల సంరక్షకులెవరో అందులో పేరు, ఉమ్మడి ఖాతాలో కనీసం ఆరు నెలల ఖర్చు, అప్పుల జాబితా, పాస్‌వర్డ్‌లు. పవర్ ఆఫ్ అటార్నీ ఉంది కదా అనుకోవద్దు, సాధారణంగా రాసిచ్చిన మనిషితోపాటే అదీ పోతుంది.

కుటుంబం అంటే మనదొక్కటే కాదని ఇక్కడే చెప్పాలి. 2014 ఖుంబూ ప్రమాదం తర్వాత నేపాల్ ప్రభుత్వం మొదట ప్రకటించిన సాయం ఒక్కో కుటుంబానికి 40,000 నేపాలీ రూపాయలు. కార్మికులు తిరగబడ్డారు, ఆ సీజన్ ఆగిపోయింది, ఆపైన వాళ్ల కనీస బీమా 15 లక్షలకు పెరిగింది. మీ సామాను మోసే మనిషికి ఎంత బీమా ఉందో, నామినీ ఎవరో అడగని ఆరోహకుడు తన పిల్లల గురించి చెప్పే మాటలు నాకు అంతగా ఎక్కవు.

కబుర్ల విషయంలో రోజూ ఫోన్ చేస్తానని మాటివ్వకండి. చలికి బ్యాటరీ చచ్చిపోతుంది, ఇంట్లో ఊరికే ప్రాణాలు పోతాయి. శాటిలైట్ సందేశ పరికరం తీసుకెళ్లి, ఫలానా రోజులకే ఖాయం చేయండి. శిఖరం నుంచి కాదు, కింది క్యాంపు చేరాకే "అయిపోయింది" అని పంపండి, ఎందుకంటే దిగేటప్పుడు పోయేవాళ్లు ఎందరో. అనుకున్న గంట నుంచి 24 గంటలు దాటితే ఎవరికి ఫోన్ చేయాలో వరసగా రాసివ్వండి: యాత్ర నిర్వాహకులు, బేస్ క్యాంప్, బీమా కంపెనీ, రాయబార కార్యాలయం. దానికి పాస్‌పోర్టు నకలు, పాలసీ నంబరు, దారి పటం, రక్తం గ్రూపు, జాకెట్, టెంట్ రంగులు జతచేయండి. రంగులెందుకంటారా, పైనుంచి వెతికేవాళ్లకు కనిపించేవి అవే.

ఈ ప్రశ్న అమ్మలను మాత్రమే అడగడం పాత దురలవాటు. బ్రిటిష్ ఆరోహకురాలు అలిసన్ హార్‌గ్రీవ్స్ 1995 ఆగస్టులో కే2 మీద చనిపోతే, ఇద్దరు పిల్లల తల్లికి ఇదేం పని అని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. తండ్రులు పోయినప్పుడు ఆ గొంతు అంతగా లేవలేదు. ఆమె కొడుకు టామ్ బల్లార్డ్ కూడా ఆరోహకుడై 2019లో పాకిస్తాన్‌లోని నంగా పర్బత్ శిఖరం మీద మరణించాడు. పిల్లలకు మనం వదిలివెళ్లేవాటిలో ఆ పిచ్చి కూడా ఉంటుంది.

పిల్లలతో "తప్పకుండా వచ్చేస్తా" అనకండి. ఎక్కడికి, ఎన్ని రోజులు, ఈలోగా వాళ్లను చూసుకునేదెవరు, ఏ రోజు కబురు వస్తుంది అన్నది చెప్పండి. కాస్త పెద్దపిల్లలు "నువ్వు చచ్చిపోతావా" అని సూటిగా అడుగుతారు. "అలా జరగకుండా ఇవి చేస్తున్నాను, కానీ జరగదని చెప్పలేను" అనే జవాబు వాళ్లు మనం అనుకున్నదానికంటే బాగా తీసుకుంటారు.

మీకు సూటిగా: సెరాక్ కింద నడక లేని దారి, ఎత్తు సర్దుబాటుకు తగినన్ని రోజులు, సాధన ఉన్న జట్టు, చేతిలో బీమా ఉత్తరం ఉంటే మీ మొదటి 6,000 మీటర్లను బాధ్యతారాహిత్యం అనను. అప్పుడు కూడా మీ భాగస్వామి వద్దంటే అది కాగితాలతో తీరే సంగతి కాదు. ఒక ఏడు చిన్న శిఖరానికి ఇద్దరూ కలిసి బేస్ క్యాంప్ దాకా వెళ్లి చూడండి. ఇక ఆ బీమా ఉత్తరం రాకముందే నిర్వాహకులకు అడ్వాన్సు కట్టకండి. కట్టాక ఉత్తరం "వర్తించదు" అని వస్తే, ఆ డబ్బు పోతుందన్న బాధతో ఎలాగోలా వెళ్లిపోతారు.