రాయి సరే, అమ్మ చోటెక్కడ?

ప్రశ్న: మా నాన్న పోయి ఏడు నెలలైంది. తెనాలి దగ్గర మా ఊళ్లోనే, చర్చి వాళ్ల సమాధుల తోటలో పెట్టాం. ఇప్పుడక్కడ మట్టి దిబ్బ, కొయ్య శిలువ తప్ప ఏమీ లేవు. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య నవంబరు 2, సమాధుల పండుగ నాటికల్లా నల్ల గ్రానైట్‌తో సమాధి కట్టించేద్దాం, నాన్న ఫొటో కూడా చెక్కిద్దాం అంటున్నాడు. నమూనా ఫోన్‌లో పంపాడు. అమ్మేమో “ఆయన బతికుండగా ఇంట్లో గచ్చు చేయించమంటే ఒక్కరూ వినలేదు, ఇప్పుడు గ్రానైటా?” అని ఒకటే దెప్పుడు. ఖర్చులో సగం నాది. అసలు రాయి అవసరమా?
- పేరు వేయొద్దన్న పాఠకురాలు

జవాబు: అవసరమేనమ్మా. కాకపోతే మీ అన్నయ్య ఫోన్‌లో పంపినంత అవసరం లేదు.

మా నాయనమ్మ సంగతి చెబుతాను. నేను మూడో తరగతిలో ఉండగా పోయింది. రాయి పెట్టే స్తోమత లేదు. నాన్న దిబ్బ తల దగ్గర నందివర్ధనం కొమ్మ పాతి అదే గుర్తనుకున్నాడు. రెండు వానాకాలాలకి దిబ్బ కుంగిపోయింది, మొక్కని మేకలు తినేశాయి. ఏటా పండుగకి కొవ్వొత్తులు, బంతిపూలు పట్టుకుని వెళ్లేవాళ్లం. సున్నం కొట్టిన సమాధుల మధ్య నాన్న అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచేవాడు. బావి గట్టు నుంచి ఇరవై రెండు, అక్కణ్నించి ఎడమకి ఆరు. ఒక ఏడు వెళ్లేసరికి బావి పూడ్చేసి గట్టు తీసేశారు. ఆ సాయంత్రం నాన్న అటూ ఇటూ చాలాసేపు తిరిగి, చివరికి రెండు దిబ్బల మధ్య ఖాళీలో కొవ్వొత్తి నిలబెట్టి, ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. “ఎవరిదైతేనేం, వెలుగు పడుతుందిలే” అన్నాడు. ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదు.

మీకూ మీ అమ్మగారికీ రాయి అక్కర్లేదు. కళ్లు మూసుకుని నడిచినా ఆ దిబ్బ దగ్గరికే చేరతారు. కానీ డల్లాస్‌లో పెరుగుతున్న మీ మేనల్లుడు ఇరవై ఏళ్ల తర్వాత ఒక్కడే వస్తే? ఎవర్నడుగుతాడు?

తెలుగు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ 1884 డిసెంబరులో లండన్‌లో పోయాడు. పెళ్లీ పిల్లలూ లేని మనిషి. ఏటేటా పువ్వు పెట్టేందుకు వారసులు లేరు. అయినా కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఆయన సమాధిని వెతుక్కుంటూ ఇప్పటికీ తెలుగువాళ్లు వెళ్తున్నారు. చోటు తెలియబట్టే కదా! ఇటు హైదరాబాదులో చూడండి, 1798లో పోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి. రాయి మీద “జె.ఆర్.” అని రెండే అక్షరాలు. మనిషి పేరేమో జనం నోట్లో మూసారాం అయి, మూసారాంబాగ్‌గా పేటకి అంటుకుంది. అందుకే పొడి అక్షరాలు వద్దు, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చెక్కించండి.

ఇక రాయి సంగతి. నవంబరుకి తొందరపడకండి. తవ్వి పూడ్చిన మట్టి ఒక వానాకాలమంతా నాని కుంగాలి. కోస్తాలో నవంబరంటే తుపాన్ల నెల కూడాను. వదులు మట్టి మీద బరువు పెడితే రాయి ఓ పక్కకి ఒరుగుతుంది, సిమెంటు పట్టీ చీలుతుంది. వచ్చే ఎండాకాలం దాకా ఆగి, తల వైపు మాత్రం గట్టి కాంక్రీటు దిమ్మ పోయించి పలక నిలబెట్టండి. రాయి చీమకుర్తిదైతే మంచిదే. ఆ నల్లటి గెలాక్సీ రాయి విదేశాలకి ఓడలెక్కి పోతోంది, మీకు ప్రకాశం జిల్లాలోనే దొరుకుతుంది. నాపరాయి చవకే గానీ పొరలు లేస్తుంది. అక్షరాలు రంగుతో రాయించడం కాదు, లోతుగా చెక్కించి ఆపైన రంగు నింపమనండి. రంగు పోయినా గాడి మిగులుతుంది, వేలితో తడిమి చదువుకోవచ్చు. ఫొటో వద్దంటాను. పలక మెరుపు మీద ఆధారపడే గీత అది. మెరుపు మాసేకొద్దీ మొహం మసకబారుతుంది.

చెక్కేముందు అచ్చు కాగితం ఒకటికి మూడుసార్లు చదవండి. ఈ మాట సిగ్గుపడుతూనే చెబుతున్నాను. మా నాన్న రాయి మీద “జ్ఞాపకార్దం” అని పడింది. ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకి థ, ద తేడా నేర్పిన తెలుగు పంతులమ్మని. దుఃఖంలో కాగితం చూడకుండానే “ఊఁ కానివ్వండి” అనేశాను. ఇప్పుడు వెళ్లినప్పుడల్లా ఆ అక్షరం మీద ముందుగా బంతిపువ్వు పెట్టి, తర్వాతే ప్రార్థన మొదలుపెడతాను.

అసలు విషయం అమ్మగారిది. గచ్చు మాట పైకి అంటున్నది. ఆ దెప్పుడు న్యాయమే, ఒప్పుకోండి. మీరిద్దరూ ఒకసారి ఎదురుగా కూర్చుని “అవునమ్మా, చేయించాల్సింది” అంటే సగం కోపం అక్కడే పోతుంది. అయితే దాని కింద ఇంకోటి ఉందేమోనని నా అనుమానం. మీ అన్నయ్య నమూనాలో నాలుగు వైపులా గ్రానైట్ గట్టు, పైన మూత ఉండి ఉంటాయి. పక్కన ఎవరి దిబ్బలున్నాయో చూశారా? అంతా కట్టేశాక ఆవిడ చోటెక్కడ? సమాధుల తోటలు ఎక్కడికక్కడ నిండిపోతున్నాయి. పక్కా కట్టడానికి చాలా చోట్ల సంఘం అనుమతి కావాలి, విడిగా రుసుమూ ఉంటుంది. భర్త పక్కనో, అదే గుంట తిరిగి తీసో పెట్టమని అడగాలని ఆవిడకి ఉండొచ్చు. బిడ్డల ముందు తన చావు మాట ఎత్తలేక గచ్చు మాట ఎత్తుతోంది. మీరే ముందు అడగండి. ఫోన్లో వద్దు, ఆవిడ బియ్యం ఏరుకుంటున్నప్పుడో పూలు కట్టుకుంటున్నప్పుడో పక్కన కూర్చుని అడగండి. ఊఁ అంటే పలక కాస్త వెడల్పుగా తీసుకుని సగం ఖాళీ ఉంచండి.

ప్రశ్న: మేం ముస్లింలం, ఊరు కర్నూలు. సమాధి కట్టకూడదని మా అబ్బాజాన్ ఎప్పుడూ చెప్పేవారు. ఇప్పుడు ఆయన సమాధి గుర్తుండేలా తల దగ్గర రాయి పెట్టాలని నాకుంది. ఆయన మాట మీరినట్టవుతుందా?

జవాబు: నేను మతపండితురాలిని కాను. చదివినంతలో చెబుతాను. కట్టడం వేరు, గుర్తు వేరు. ఔరంగజేబు అంతటి పాదుషా ఖుల్దాబాదులో ఆకాశం కింద మట్టి సమాధిలోనే ఉన్నాడు, మీ అబ్బాజాన్ చెప్పింది ఆ మర్యాదే. ఇక గుర్తంటారా, ప్రవక్త మాటలూ చేతలూ చెప్పే హదీసుల్లో, అబూ దావూద్ కూర్చినవాటిలో ఒకటుంది. సహచరుడు ఉస్మాన్ బిన్ మజూన్‌ని ఖననం చేశాక ప్రవక్త ఒకాయన్ని రాయి తెమ్మన్నారు. ఆయన ఎత్తలేకపోతే ప్రవక్తే చేతులు పైకి మడుచుకుని మోసుకొచ్చి తల వైపు పెట్టారు. దీంతో నా సోదరుడి సమాధి గుర్తుపడతాను, మా ఇంట్లోవాళ్లు పోతే ఇతని పక్కనే పెడతాను అన్నారట. రాయి మీద పేరు చెక్కడం దగ్గర పండితుల్లో భేదాలున్నాయి. అది మాత్రం మీ మసీదు పెద్దల్ని అడిగి చేయండి. చెక్కని రాయికి మీ వాళ్లు అడ్డు చెప్పరనే అనుకుంటున్నాను. హంద్రీ ఒడ్డున నున్నటివి దొరుకుతాయి.