వేల ఇళ్లున్నా మీ మాట ఎందుకు చెల్లడం లేదంటే

కాలనీలో వేల ఇళ్లున్నా ఫుట్‌పాత్ విషయంలో కొద్దిమంది దుకాణదారుల సంఘం మాటే నెగ్గుతోందెందుకని అడిగారు కదండీ. ఫుట్‌పాత్ ఖాళీ చేస్తే ఒక్కో దుకాణానికి రోజూ బేరం పోతుంది. మీకైతే మనిషికి కాసేపటి ఇబ్బంది. అందుకే వాళ్లు పనులు మానుకుని మరీ ఎమ్మెల్యే ఇంటి ముందు కూర్చుంటారు, మీలో ప్రతివాళ్లూ పక్కింటాయన వెళ్తాడులే అనుకుంటారు. 1965లోనే ఆర్థికవేత్త మన్సర్ ఓల్సన్ ఈ లెక్క తేల్చాడు. అంతా లంచాల మహిమే అనుకుని చేతులు ముడుచుకోవద్దు, దయచేసి.

ఏడుగురు చాలు, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కాలనీవాసుల సొసైటీ రిజిస్టర్ చేయించండి. ఫుట్‌పాత్ కొలతలు సమాచార హక్కు కింద అడగండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితం పట్టుకుని సోమవారం అధికారులు జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లండి. బస్సుల మధ్య నడవాల్సి వస్తున్న పెద్దవాళ్లను తప్పకుండా వెంట తీసుకెళ్లండి, వాళ్లే చెప్పాలి.