చదువు – సందేహాలు

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. లెగో ముక్కలతో క్రేన్ కట్టేస్తాడు, కన్నడ పుస్తకం తీస్తే ‘కమల’ను ‘మకల’ అంటాడు. టీచరు బద్ధకం అంటున్నారు. తప్పిన మాట పదేసిసార్లు రాయిస్తున్నాను.
– ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: పదిసార్లు రాయించడం ముందు ఆపండమ్మా. ఇది డిస్‌లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది కావచ్చు. శబ్దాన్ని అక్షరంతో జోడించడంలో చిక్కు ఉంటే, చూచిరాతకు అది వదలదు. కళ్లు, చెవులు పరీక్ష చేయించి, మీ ఊళ్లోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక విభాగానికి తీసుకెళ్లండి.

ఈలోగా రోజూ పావుగంట, పుస్తకం లేకుండా. మీరు ‘కమల’ అనండి, అక్షరానికో గవ్వ పెట్టమనండి. మొదటి గవ్వ తీస్తే ఏం మిగిలింది? ‘మల’. ఇది తడబాటు లేకుండా వచ్చాకే గుణింతం. వారమంతా గుడి ఒక్కటే, పళ్లెంలో బొంబాయిరవ్వ పోసి, పలుకుతూ వేలితో రాయించండి. గుడి, గుడిదీర్ఘం ఒకేసారి చెబితే రెండూ కలిసిపోతాయి. ఒత్తులు చివర్న. కన్నడ కుదుటపడేదాకా తెలుగు లిపి జోలికి వెళ్లకండి; పోలిక ఎక్కువ, తికమకపడతాడు.

పాఠం గడగడా చదివితే మురిసిపోకండి, కంఠస్థం అయ్యుండవచ్చు. పేరా చివరినుంచి మాటలు చూపించి అడగండి.

క్రేన్ కట్టే నేర్పు అందరు డిస్‌లెక్సియా పిల్లల్లోనూ ఉండదు, మీవాడికి ఉంది కనుక వాడుకోండి. సైన్సు మీరు చదివి వినిపించండి, వాడు బొమ్మ గీసి చెబుతాడు. నిర్ధారణ అయితే సర్టిఫికెట్ తీసుకోండి. అది ఉంటే సీబీఎస్‌ఈ పదో తరగతిలో 3 గంటల పరీక్షకు గంట అదనంగా ఇస్తారు.