ఫుట్‌పాత్ మీది శవం హత్యేనని ఎస్‌ఐకి ఎలా తెలుస్తుంది?

ఇది ఎస్‌ఐకి ఎలా తెలియాలో తోచక మీ కథ మూడో అధ్యాయంలో ఆగిపోయిందన్నారు. దానికి కారణం ఎస్‌ఐ కాదు, చావు వేళ. చెన్నై ఎన్‌ఎస్‌సీ బోస్ రోడ్డు మీద తెల్లవారుజామున 3 గంటలకు చంపి, 5 గంటలకు పారిశుద్ధ్య కార్మికురాలి కంట పడేలా రాశారు. ఒంటి మీద దెబ్బ లేదు. అలాంటప్పుడు ఎవరైనా సహజ మరణమనే అనుకుంటారు.

ఇలా మార్చి చూడండి:

1. సాయంత్రం 4కి వేరేచోట చంపించండి. వెల్లకిలా పడి ఉండాలి.

2. రాత్రి 2కి తెచ్చి, బోర్లా పడుకోబెట్టి దుప్పటి కప్పించండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: చనిపోయాక రక్తం కిందివైపుకు దిగి ఊదా మచ్చలు కడుతుంది. సుమారు 8-12 గంటల్లో అవి స్థిరపడతాయి, ఆ తర్వాత తిప్పినా చోటు మారవు. బోర్లా దొరికిన శవానికి వీపు మీద మచ్చలుంటే ఎవరో కదిపినట్టే. మీ పాత లెక్కలో 2 గంటలే ఉంది కాబట్టి ఈ ఆధారం పనిచేయదు.

4. ఆ మచ్చలు శవ పంచనామాలోకి ఎక్కాలి. 2024 జులై 1 నుంచి అది బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 194 కింద. పాత సీఆర్‌పీసీ సెక్షన్ 174 రాయకండి.

5. ఆ ఫుట్‌పాత్ మీదే పక్కన పడుకునే నెల్లూరు ముసలాయనకు మతి సరిగా లేదని సాక్ష్యం కొట్టేయించారు. అది తప్పు. ప్రశ్న అర్థమై, పొంతనగా జవాబు చెప్పగలిగితే చెల్లుతుంది. ఆయన తెలుగులో చెప్పింది కానిస్టేబుల్ తమిళంలో రాసుకుంటాడు; ఆ వాంగ్మూలం మీద సంతకం ఉండదు. ఆయన చెప్పినదానికీ, కాగితం మీదికి ఎక్కినదానికీ తేడా రావచ్చు. మీ మానసిక కథకు అసలు సందు అక్కడుంది.