“బెడ్ పదకొండు పోయింది, అంతే” అన్న అమ్మాయి గురించి

ప్రశ్న: మాది బుచ్చిరెడ్డిపాళెం. మా అమ్మాయి ఇంటికి మూడు గంటల దూరంలో హాస్టల్లో ఉండి ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పుడు వీధి కుక్కకు దెబ్బ తగిలినా అన్నం మానేసిన పిల్ల. ఇప్పుడు ఇంటికొస్తే గదిలోంచి బయటికి రాదు. మొన్న ఫోన్లో ఎవరో పేషెంటు గురించి “బెడ్ పదకొండు పోయింది, అంతే” అని ఇడ్లీ తింటూ చెప్పింది. వాళ్ల పెద్దమ్మ చనిపోతే కంట తడి పెట్టలేదు. వీధిలో వాళ్లు రిపోర్టులు పంపితే విసుక్కుంటుంది. మా ఆయన ఈ చదువు మాన్పిద్దాం అంటున్నాడు. అమ్మాయేమో రేడియాలజీ చేస్తాను, అందులో పేషెంట్లతో మాట్లాడే పని ఉండదు అంటోంది. డాక్టరుకు జాలి లేకపోతే ఎట్టా సార్?

జవాబు:

అమ్మా, ఆ పదకొండో బెడ్ సంగతి మీ అమ్మాయి మీకు ఫోన్ చేసి మరీ చెప్పింది. పట్టనిదైతే ఆ మాట ఎత్తేదే కాదు. ఏడుస్తూ చెబితే మీరు భయపడతారు, తను మళ్లీ వార్డుకు వెళ్లలేదు. అందుకే “అంతే” అని మూత పెట్టింది. జాలి లేని పిల్ల అని నేను అనుకోవడం లేదు. బాగా అలిసిపోయిన పిల్ల అనుకుంటున్నాను.

నేను కళ్లారా చూసింది ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట మా నాన్న ఆయాసంతో ఆసుపత్రిలో ఉన్నాడు. రాత్రి రెండు గంటలప్పుడు ఒక హౌస్ సర్జన్ వచ్చాడు. మణికట్టు దగ్గర ధమని నుంచి రక్తం తీయాలి. మామూలు సూదికంటే అది బాగా నొప్పి. ఆ అబ్బాయి ముందు తన చేతులు రెండూ గట్టిగా రుద్దుకుని వెచ్చచేసుకున్నాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “తాతా, ఇది నొప్పి పుడుతుంది. నీ చెయ్యి కదలకుండా నేను పట్టుకుంటా, నువ్వు తిట్టాలంటే తిట్టు” అన్నాడు. రెండుసార్లు దొరకలేదు, మూడోసారి దొరికింది. దూది పెట్టి తనే ఐదు నిమిషాలు అదిమి పట్టుకుని కూర్చున్నాడు. వరండాలోకి వచ్చాక గోడకు తల ఆనించి నిలబడ్డాడు. ఫ్లాస్కులో టీ పోసి ఇస్తే, “నిన్న పొద్దున్నుంచి డ్యూటీలోనే ఉన్నా సార్” అన్నాడు.

రెండో రోజు రాత్రి అదే అబ్బాయి “బెడ్ ఏడు అటెండరెవరు?” అని దూరం నుంచే అరిచాడు. నేను ఏదో అడగబోతే “పొద్దున పెద్ద డాక్టర్ని అడగండి” అని వెళ్లిపోయాడు. మా నాన్న ఆ రాత్రంతా “నిన్నటి పిల్లోడు రాలేదా?” అని అడుగుతూనే ఉన్నాడు. వచ్చింది ఆ పిల్లోడే. ఒక్క రోజులో మనిషి గుణం మారదు కదమ్మా. ఆ రెండు రాత్రుల మధ్య అతనికి లేనిది నిద్ర.

మీరు అడిగినదానికి వైద్యంలో ఒక పేరుంది, బర్నౌట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని తన జబ్బుల పట్టికలో చేర్చింది. కానీ జబ్బుగా కాదు, పని వల్ల వచ్చే పరిస్థితిగా చేర్చింది. ఎడతెగని పని ఒత్తిడిని సరిగా సంభాళించనప్పుడు వస్తుంది అని రాసింది. గుర్తులు మూడు చెప్పింది. ఒంట్లో సత్తువ అంతా పోయినట్టుండటం, చేసే పని మీద విరక్తి పుట్టి దానికి దూరం జరగడం, నేను ఏం చేసినా ఉపయోగం లేదు అనిపించడం. ఈ విషయం మీద 1970ల నుంచి పనిచేసిన క్రిస్టినా మాస్లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తయారు చేసిన కొలతలో రెండో గుర్తు కింద ఇంకో మాట ఉంది: ఎదుటి మనిషిని మనిషిగా కాక వస్తువుగా చూడటం మొదలవుతుంది. “బెడ్ పదకొండు” అంటే అదే. ఆ పేషెంటుకు పేరుంది, ఊరుంది, బయట కూర్చున్న భార్య ఉంది. అవన్నీ గుర్తుంటే పన్నెండో బెడ్ దగ్గరికి కాళ్లు కదలవు. అందుకని మనసు తనంతట తనే పేరు చెరిపేసి నంబరు పెట్టుకుంటుంది.

ఇది మీ అమ్మాయి ఒక్కదానికే వచ్చింది కాదు. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ మెడికల్ కాలేజీ వాళ్లు తమ విద్యార్థులను ఏటేటా గమనిస్తూ వచ్చి 2009లో ఫలితాలు చెప్పారు. మొదటి రెండేళ్లు నిలకడగా ఉన్న సహానుభూతి మూడో ఏడాదిలో బాగా పడిపోయింది. అక్కడ పిల్లలు వార్డుల్లో పూర్తిగా దిగేది ఆ ఏడాదే. పుస్తకాల్లో ఉన్నంతకాలం జాలి ఉంది, రోగుల మధ్యకు వెళ్లాక తగ్గింది! నాకు మొదట ఇది చదివినప్పుడు బాధేసింది. మన దేశంలో వైద్య విద్యకు నిబంధనలు పెట్టే నేషనల్ మెడికల్ కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో నివేదిక ఇచ్చింది. వాళ్ల సర్వేలో 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు పాల్గొంటే 27.8 శాతం మంది తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉందని చెప్పారు. నలుగురిలో ఒకరికంటే ఎక్కువే. పీజీ డాక్టర్ల పని వారానికి 74 గంటలు దాటకూడదు, వారానికో రోజు సెలవు ఉండాలి అని అదే నివేదిక సిఫారసు చేసింది. 74 గంటలకు తగ్గించండి అని అడగాల్సి వచ్చిందంటే అంతకుముందు ఎంత ఉందో మీరే ఊహించుకోండి.

ఇక జాలి సంగతి. మనం ఇక్కడ రెండింటిని కలిపేస్తున్నాం. ఎదుటివాడి నొప్పిని నా నొప్పిగా పడటం ఒకటి. ఎదుటివాడి నొప్పి తెలుసుకుని, వాడికి నేనేం చేయగలను అని చూడటం ఇంకొకటి. మొదటిది రోజుకు నలభై మంది రోగుల దగ్గర ఎవరి వల్లా కాదు, చేస్తే మనిషి కుంగిపోతుంది. రెండోది అలవాటుతో వస్తుంది, మనిషిని నిలబెడుతుంది. వీధి కుక్క కోసం అన్నం మానేసిన పిల్లకు మొదటిది పుట్టుకతోనే ఉంది. రెండోది ఎవరూ కూర్చోబెట్టి నేర్పి ఉండరు. చేతులు రుద్దుకుని వెచ్చచేసుకున్న ఆ హౌస్ సర్జన్ మా నాన్న కోసం ఏడవలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు, అంతే. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో ఏట్‌కామ్ అనే పాఠాలు పెట్టారు. రోగితో ఎలా మాట్లాడాలి, చేదు వార్త ఎలా చెప్పాలి అన్నది అందులో భాగం. చాలామంది పిల్లలు దాన్ని హాజరు కోసం కూర్చునే క్లాసుగా చూస్తారు. మీ అమ్మాయిని దాని మీద మనసు పెట్టమని నా మాటగా చెప్పండి.

ఆ పిల్లకు చెప్పాల్సింది ఇంకొకటుంది. ఇప్పుడు మెడికోలకు ఊళ్లో కొన్ని కుటుంబాలను అప్పగిస్తారు, ఫ్యామిలీ అడాప్షన్ అంటారు. ఏళ్ల తరబడి ఆ ఇళ్లకు వెళ్లి వస్తుండాలి. దాన్ని రికార్డు నింపే పనిగా చేయొద్దనండి. వార్డులో రోగి మూడు రోజులుండి వెళ్లిపోతాడు, తర్వాత ఏమయ్యాడో తెలియదు. పోయినవాళ్లే గుర్తుంటారు. ఆ ఇళ్లలో అయితే ఫలానా అవ్వకు పోయిన నెల బీపీ ఎంత ఉంది, ఈ నెల ఎంతకు దిగింది అన్నది తన కళ్ల ముందు ఉంటుంది. “ఏం చేసినా ఉపయోగం లేదు” అన్న మూడో గుర్తుకు దీనికి మించిన మందు నాకు తెలియదు.

మీ ఆయన మాన్పిద్దాం అంటున్నారు. వద్దండి. అలసటలో ఉన్నప్పుడు తీసుకునే పెద్ద నిర్ణయాలన్నీ అలసట తీసుకునేవే. చదువు మానకుండానే విశ్రాంతికి దారి ఉంది. ఎంబీబీఎస్ పూర్తి చేయడానికి చేరిన నాటి నుంచి తొమ్మిదేళ్ల గడువుందని 2023 నిబంధనలు చెబుతున్నాయి. ఒక పరీక్ష ఆరు నెలలు వెనక్కి పోతే జీవితం పోదు. అయితే హాజరు థియరీలో 75, ప్రాక్టికల్స్‌లో 80 శాతం ఉండాలి. అందుకని చెప్పాపెట్టకుండా డుమ్మాలు కొట్టకూడదు. సెలవు అవసరమైతే డాక్టరు లెటరుతో ముందే ప్రిన్సిపాల్‌ను కలవండి.

రేడియాలజీ మంచి బ్రాంచే. బొమ్మ చూసి జబ్బు పట్టుకోవడం ఇష్టమైతే తప్పకుండా చేయమనండి. మనుషుల నుంచి పారిపోవడానికి మాత్రం వద్దు. స్కానింగ్ గదిలో జెల్ రాయించుకుంటూ “బిడ్డ గుండె కొట్టుకుంటోందా డాక్టరమ్మా?” అని మొదట అడిగేది రేడియాలజిస్టునే. అక్కడా పని గుట్టలుగా ఉంటుంది, అక్కడా అలిసిపోతారు. నీట్ పీజీకి ఇంకా టైం ఉంది. హౌస్ సర్జన్సీలో అన్ని విభాగాలూ తిరుగుతుంది కదా, బాగా నిద్రపోయిన వారంలో ఏ పని నచ్చిందో రాసి పెట్టుకోమనండి. అలిసిన వారంలో ఏదీ నచ్చదు, ఆ వారం లెక్కలోకి రాదు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. పెద్దమ్మ పోయినా ఏడవకపోవడం, గదిలోంచి రాకపోవడం వట్టి అలసటే కావచ్చు, డిప్రెషన్ కూడా కావచ్చు. నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, “నేను ఉండి ఏం లాభం” లాంటి మాట ఒక్కటి వినపడినా ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, లోపలిది బయటికి వస్తుంది. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416. ఏ వేళైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. సొంత కాలేజీ డాక్టర్లకు తెలుస్తుందని మెడికోలు భయపడతారు. అట్లాంటప్పుడు బయట నెల్లూరులోనో ఒంగోలులోనో వేరేవాళ్లకు చూపించండి. రేపు సంబంధాలు రావేమో అని మీకూ ఉంటుంది, నాకు తెలుసు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది.

ఇంట్లో మీరు చేయగలిగింది మిగిలింది. ఆ వీధి రిపోర్టులు. ఇరవై ఏళ్ల పిల్ల, ఇంకా డాక్టరు కాలేదు. పండక్కి ఇంటికొస్తే పక్కింటి షుగరు కాగితం, ఎదురింటి ఎక్స్‌రే ముందుకొస్తాయి. తప్పు చెబితే ఎవరికేమవుతుందోనని టెన్షన్, చెప్పకపోతే “పెద్ద డాక్టరైపోయింది” అని దెప్పిపొడుపు. ఇంటి గడప లోపల కూడా తనకు డ్యూటీ దిగిందే లేదు. ఆ కాగితాలు మీ దగ్గరే ఆపేయండి. “మా అమ్మాయి ఇంకా చదువుకుంటోంది, ఆసుపత్రిలో చూపించుకోండి” అని మీరే చెప్పండి, చెడ్డపేరు మీకు రానివ్వండి.

“నువ్వు దేవుడితో సమానం, నువ్వు చిరాకు పడకూడదు” అని కూడా అనొద్దు. మన నెల్లూరులో ప్రజావైద్యశాల నడిపిన డాక్టర్ రామచంద్రారెడ్డి గారి పేరు, సుందరయ్య గారి తమ్ముడు, మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. పిల్లలకు అట్లాంటి వాళ్లను చూపిస్తాం, మంచిదే. కానీ ఆయన అంత పనీ ఒక్కడే మోయలేదు, చుట్టూ ఎంతోమందిని తయారు చేసుకున్నారు. ఆ సగం కూడా పిల్లకు చెప్పండి.

ఈ ఆదివారం మీరిద్దరూ హాస్టలుకు వెళ్లండి. చేపల పులుసు ఒక క్యారియర్, తన రూమ్మేట్లకు కూడా సరిపడా. ర్యాంకు, పీజీ, పెళ్లి మాట ఎత్తొద్దు. తిన్నాక కాసేపు నిద్రపోతానంటే పోనివ్వండి, మీరు పక్కన కూర్చోండి. లేచాక ఒక్కటి అడగండి: “అమ్మా, ఆ పదకొండో బెడ్ ఆయన పేరేంటి? ఏ ఊరాయన?”

చెబితే మధ్యలో అడ్డు రాకుండా వినండి. చెప్పలేకపోతే చెయ్యి పట్టుకుని కూర్చోండి. తర్వాత ఎట్లా ఉందో నాకు మళ్లీ రాయండి.