పంపు ధర తక్కువని అప్పు చేయకండి, ముందు యూనిట్లు లెక్కేయండి

ప్రశ్న: నాకు చిన్న నర్సరీ ఉంది. ఇప్పుడున్న పంపు 2 బార్ ప్రెషర్ ఇస్తోంది. చివరి వరుసల్లో స్ప్రింక్లర్లు సరిగ్గా తిరగడం లేదు. 6 బార్ పంపుకు ధరలో తేడా పెద్దగా లేదు. పొదుపులో సగం తీసి, మిగతాది క్రెడిట్ కార్డు ఈఎంఐలో పెట్టి కొనవచ్చా?

జవాబు: వద్దు. కొనే ధర ఒక్కటే చూసి, నడిపే ఖర్చు వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. అందుకే మీకు వివరంగా రాస్తున్నాను. రోజూ గంటల తరబడి నడిచే పంపు మీద దాని జీవితకాలంలో పెట్టే డబ్బులో ఎక్కువ భాగం కరెంటుకే పోతుంది.

గంటకు 10 వేల లీటర్లు, రోజుకు 6 గంటలు అనుకుందాం. పంపు, మోటారు కలిపి సామర్థ్యం 50 శాతం అనుకుంటే 2 బార్ దగ్గర రోజుకు దాదాపు 7 యూనిట్లు కాలతాయి. అదే నీటిని 6 బార్ దగ్గర ఇవ్వాలంటే 20 యూనిట్లు. నెలకు 200 యూనిట్లు కాస్తా 600 అవుతాయి. పైగా ఇది నీటి పరిమాణం మారకపోతేనే. నాజిళ్లు అవే ఉంచి వాటి దగ్గర ప్రెషర్ మూడింతలు చేస్తే, నీళ్లు కూడా 1.7 రెట్లు బయటికి వస్తాయి. అప్పుడు కరెంటు వాడకం ఐదు రెట్లు దాటుతుంది. మోటారు, కేబులు, స్టార్టరు కూడా పెద్దవి కావాలి.

ఇప్పుడు మీ పొదుపు సంగతి. నెల ఖర్చు పెరిగితే అత్యవసర నిధి కూడా పెరగాలి. మీరు సరిగ్గా అప్పుడే దాన్ని సగం చేస్తానంటున్నారు! మండు వేసవిలో మోటారు వైండింగ్ కాలిపోతే మొక్కలు ఎన్ని రోజులు ఆగుతాయి? ఆ రోజు చేతిలో డబ్బు లేకపోతే మళ్లీ కార్డే గీకుతారు, పాత ఈఎంఐ మీద కొత్తది పడుతుంది. ఆరు నెలల ఇంటి ఖర్చు, మూడు నెలల కరెంటు బిల్లు, ఒక మోటారు రిపేరుకు సరిపడా మొత్తం విడిగా ఉండాలి. అది పోగయ్యేదాకా కొత్త పంపు మాట ఎత్తకండి. కార్డు అప్పుతో మోటారు కొనడం మాత్రం ఎప్పటికీ వద్దు.

అసలు లోపం పంపులో ఉందని ఎవరు తేల్చారు? ప్రెషర్ గేజితో పంపు దగ్గర ఒకసారి, చివరి వరుసలో ఒకసారి చూడండి. తేడా ఎక్కువగా ఉంటే ప్రెషర్‌ను తినేస్తున్నది పైపు. లోపలి వ్యాసం నాలుగో వంతు పెంచితే, అదే నీటికి రాపిడి నష్టం (పైపు గోడల రాపిడికి పోయే ప్రెషర్) దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది. వరుసలను రెండు భాగాలు చేసి వంతులవారీగా తడపడం ఇంకా చవక. ఒకేసారి పారే నీరు సగమైతే నష్టం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. నడిపే గంటలు పెరుగుతాయి కాబట్టి ఆ యూనిట్లు కూడా కలుపుకోండి. వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని అవసరానికి తగ్గట్టు మార్చే పరికరం) గురించి తర్వాత ఆలోచించవచ్చు.

గేజి రీడింగులు రెండూ, నిధిలో ఇప్పుడున్న మొత్తమూ రాసి పంపండి. పంపు మార్చాలో లేదో అప్పుడు చూద్దాం.