పాత గేర్‌బాక్స్ లారీ పార్సిల్‌లో పగలకుండా రావాలంటే ప్యాకింగ్ ఎలా చేయించాలి?

విజయవాడ ఆటోనగర్‌లో స్విఫ్ట్ డీజిల్ పాత గేర్‌బాక్స్ కొన్నారు, కరీంనగర్‌కు లారీ పార్సిల్‌లో రావాలి. క్రితంసారి గోనెసంచిలో కుట్టి పంపితే బెల్ హౌసింగ్ (ఇంజన్‌కి ఆనే గంట ఆకారపు వెడల్పాటి నోరు) చెవి, అంటే బోల్టు దూరే కొస, విరిగి వచ్చింది. ఈసారి అట్టపెట్టెలో చుట్టూ థర్మోకోల్ పెట్టిస్తే సరిపోతుందా అని మీ ప్రశ్న.

సరిపోదండీ. థర్మోకోల్ టీవీకి, మిక్సీకి పనికొస్తుంది. గేర్‌బాక్స్ అటూఇటూగా 35 కిలోలు ఉంటుంది. అంత బరువు ఇరుకైన అంచుల మీద కూర్చుంటే థర్మోకోల్ దారిలోనే నలిగిపోతుంది. నలిగిన చోట ఖాళీ వస్తుంది, ఆ ఖాళీలో గేర్‌బాక్స్ ఊగుతుంది, ఊగిన ప్రతిసారీ పెట్టెను లోపలి నుంచి గుద్దుతుంది. కరీంనగర్ చేరేసరికి అడుగు అట్ట చిరిగి, ఉత్త గేర్‌బాక్సే చేతికొస్తుంది.

ఇలాంటి బరువైన పార్టులు రోడ్డు మీద కంటే గోడౌన్లలోనే ఎక్కువగా పగులుతాయి. మీ పార్సిల్ దారి చూడండి: షాపు నుంచి ట్రాలీ ఆటోలోకి, లారీ ఆఫీసులో దింపుడు, లారీలోకి ఎక్కింపు, హైదరాబాద్ గోడౌన్‌లో దింపుడు, మరో బండిలోకి, కరీంనగర్‌లో మళ్లీ దింపుడు. అంటే ఆరుసార్లు మనుషుల చేతుల మీదుగా వెళ్తుంది. లారీ బాడీ నేలకు దాదాపు నాలుగడుగుల ఎత్తు. మోయలేని సరుకుని హమాలీలు కింద పాత టైరు వేసి దాని మీదకు దొర్లిస్తారు. వాళ్లని అనడానికేం లేదు. పట్టు దొరకని, జిడ్డోడే ముద్దని ఎవరైనా అలాగే దించుతారు. గేర్‌బాక్స్ పైతొడుగు అల్యూమినియం పోత. ఇనుప రేకులా వంగి ఊరుకోదు, బరువంతా ఒక్క చెవి మీద పడితే ఆ చెవి విరుగుతుంది. కాబట్టి హమాలీ జాగ్రత్తగా దించుతాడన్న ఆశ మీద కాకుండా, దొర్లించినా తట్టుకునేలా ప్యాకింగ్ ఉండాలి.

నా లెక్కలో దీనికి ఒకటే సూత్రం. బండిలో ఆ పార్టు ఎక్కడ బరువు మోసిందో, పెట్టెలో కూడా అక్కడే మోయాలి. గేర్‌బాక్స్ ఇంజన్‌కి బెల్ హౌసింగ్ ముఖం మీద బోల్టులతో బిగిసి ఉంటుంది. పెట్టెలో కూడా ఆ ముఖాన్నే కింద పెట్టి, అడుగు చెక్కకు బోల్టులతో బిగించాలి. పక్కలకు ఏం కూరారన్నది ఆ తర్వాతి మాట.

ముందు ఆయిల్ సంగతి. డ్రెయిన్ ప్లగ్ తీసి కార్చేస్తే ఖాళీ అయిపోయిందనుకుంటారు. లోపలి గూళ్లలో ఇంకా కొంత మిగిలే ఉంటుంది. ప్లగ్ తీసి ఉండగానే గేర్‌బాక్స్‌ని నాలుగు పక్కలకూ వంచి కార్చాలి, ప్లగ్ బిగించాక కాగితం మీద ఒక రాత్రి ఉంచాలి. తెల్లారి కాగితం మీద మరక ఎక్కడుందో అక్కడ ఆయిల్ కారే దారి ఉందన్నమాట. యాక్సిళ్లు దూరే రెండు రంధ్రాలు అసలైన దొంగదారులు. బెల్ ముఖం కింద పెడితే ఇంజన్ వైపు రంధ్రం నేలకు తిరుగుతుంది, అందుకని దాన్ని గట్టిగా మూయాలి. గుడ్డ కుక్కితే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీల్ అంచు పాడవుతుంది, పోగులు లోపలికి పోతాయి. ఆటోనగర్‌లో పాత యాక్సిల్ జాయింట్ కప్పులు దొరుకుతాయి, సరైన కొలతవి రెండు అడిగి దూర్పించి, జారిపోకుండా బైండింగ్ వైరుతో కట్టించండి. దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది. కొన్ని గేర్‌బాక్సుల్లో రెండు యాక్సిళ్లూ తీసేస్తే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ తిప్పుడును పంచే భాగం) లోపలి సైడ్ గేర్లు పక్కకు జారిపోతాయి, మళ్లీ యాక్సిల్ దూరదు. కప్పులు వాటిని వాటి చోటే ఉంచుతాయి. రివర్స్ లైట్ స్విచ్చి, స్పీడ్ సెన్సర్ బయటికి పొడుచుకుని ఉంటే విప్పించి, ఆ రంధ్రాలు మూయించి, వాటిని విడిగా కవర్లో వేసి పెట్టెలోనే కట్టించండి. ఇవి విరిగితే బోల్టు ముక్క లోపలే ఉండిపోతుంది, తీయడం పెద్ద తలనొప్పి.

ఇక అడుగు. మొత్తం పనిలో డబ్బు, ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు, ఒక్కోటి రెండడుగుల చదరం. నిలబెట్టిన గేర్‌బాక్స్ ఎత్తు కన్నా అడుగు వెడల్పు ఎక్కువ ఉండాలి, లేకపోతే చిన్నగా తోసినా బోర్లా పడుతుంది. ముందుగా బెల్ ముఖం మీద అట్ట పెట్టి అచ్చు తీయాలి: బోల్టు రంధ్రాలు, సరిగ్గా కూర్చోవడానికి పొడుచుకొచ్చిన రెండు డోవెల్ పిన్నులు, ఇంజన్ తిప్పుడును లోపలికి తెచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్, డిఫరెన్షియల్ ఉబ్బు. షాఫ్ట్ చివర బెల్ అంచు కన్నా బయటికి ఉందా లేదా అన్నది ఒక బద్ద అడ్డంగా పెట్టి చూస్తే తెలిసిపోతుంది. బయటికి ఉంటే ఆ చోట ప్లైవుడ్‌కి పెద్ద కంత కోయాలి. ఈ కంత కోయకుండా నిలబెడితే బరువంతా షాఫ్ట్ మీద కూర్చుంటుంది, లోపలి బేరింగ్ దెబ్బతింటుంది. బయటికి ఏమీ కనబడదు, బిగించి నడిపాక మూలుగు వస్తుంది.

అచ్చు ప్రకారం రంధ్రాలు వేసి, కనీసం నాలుగు బోల్టులు, ఒకదానికొకటి దూరంగా ఉన్న చోట్లలో, కింద వెడల్పాటి వాషర్లతో బిగించాలి. బోల్టు రంధ్రానికి సరిపడా లావు ఉండాలి, సన్నది వేస్తే లోపల ఆడుతుంది. నట్లు నైలాక్ రకమైనా (లోపల నైలాన్ రింగు ఉండి వదులుకానివి) వేయాలి, లేదా నట్టు మీద నట్టు వేయాలి. మామూలు నట్టు లారీ అదురుకు హైదరాబాద్ లోపే వదులవుతుంది. బెల్ ముఖానికి, ప్లైవుడ్‌కి మధ్య రబ్బరు వేయకండి. రబ్బరు నొక్కుకుని బోల్టు వదులవుతుంది. రబ్బరు అడుగు కింద కావాలి, పైన కాదు.

ప్లైవుడ్ కింద నాలుగంగుళాల ఎత్తు దుంగలు మూడు, రెండున్నర అంగుళాల స్క్రూలతో. మేకులు వద్దు, అదురుకి మెల్లగా పైకి లేస్తాయి. గోడౌన్లలో వాడే చేతి ప్యాలెట్ ట్రాలీ ఫోర్కులు దించినప్పుడు దాదాపు 85 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాయి, అవి దూరడానికే ఈ నాలుగంగుళాలు. బరువైన పెట్టెకు కింద సందు ఉంటే ట్రాలీ వాడతారు, లేకపోతే దొర్లిస్తారు. దుంగల కింద పాత లారీ టైరు పక్కగోడ ముక్కలు కోసి బిగిస్తే ఇంకా మంచిది. ఆటోనగర్‌లో అవి కొదవ లేవు. విదేశాలకు పంపేవాళ్లకు ఒక మాట: మామూలు చెక్కకు ఐఎస్‌పీఎం-15 ముద్ర, అంటే పురుగు లేకుండా శుద్ధి చేసిన గుర్తు ఉండాలి, ప్లైవుడ్‌కి ఆ బాధ లేదు.

పక్కల సంగతి తేలిక. నాలుగు మూలలకు రెండంగుళాల నిలువు బద్దలు, వాటికి అడ్డంగా పలకలు, మధ్యలో సందులు. పూర్తిగా మూసేసిన పెట్టె అక్కర్లేదు. సందుల్లోంచి లోపల ఏముందో కనబడితే మోసేవాడు తనంతట తనే జాగ్రత్తపడతాడు, పైన ఇంకో సరుకు పేర్చకుండా ఆగుతాడు. చేతులు దూరేలా రెండు వైపులా పలకల మధ్య నాలుగంగుళాల సందు వదలండి. గేర్ లీవరు, క్లచ్ ఫోర్కు చెక్కకు తగలకూడదు, కనీసం రెండంగుళాల ఎడం ఉండాలి. పెట్టె పైపలక గేర్‌బాక్స్ తలకు ఆనితే లారీలో దాని మీద వేసే బరువంతా గేర్‌బాక్స్ మీదికే వస్తుంది, అందుకని అక్కడా ఎడం వదలాలి. ప్లాస్టిక్ పట్టీలు సాగుతాయి, పోత అంచుల మీద కోసుకుపోతాయి. అవి మూత జారకుండా ఉండటానికి మాత్రమే, గేర్‌బాక్స్‌ని పట్టి ఉంచడానికి కాదు.

అయ్యాక ఒక పరీక్ష చేయండి, లేదా షాపతన్ని చేసి వీడియో పంపమనండి. పెట్టెని ఒక అంచున అర అడుగు ఎత్తి వదలాలి, నాలుగు వైపులా. లోపల ‘టక్’ అంటే మళ్లీ విప్పాల్సిందే.

వర్షాకాలమైతే షాఫ్ట్ పళ్లకు పలచగా గ్రీజు రాయించి పాలిథీన్ చుట్టించండి. గేర్‌బాక్స్ మొత్తాన్ని గాలాడకుండా పాలిథీన్‌లో చుడితే లోపల చెమ్మ పట్టి తుప్పు వస్తుంది, కిందివైపు తెరిచి ఉంచాలి. క్లచ్ ప్లేటు కూడా కలిపి కొంటే దాన్ని విడిగా, వేరే పెట్టెలో. నూనె మరక అంటిన ప్లేటు జారుతుంది.

ఇదే సూత్రం మిగతా పార్టులకూ పనిచేస్తుంది. పూర్తి ఇంజన్ వంద కిలోలు దాటుతుంది, దాన్ని ఎప్పుడూ ఆయిల్ ఛాంబర్ మీద కూర్చోబెట్టకూడదు. రేకు ఛాంబర్ నొక్కుకుంటే లోపలి ఆయిల్ జల్లెడకు అడుగు తగిలి ఆయిల్ పైకి రాదు, ప్రెషర్ పడిపోయి బేరింగులు కాలిపోతాయి. మౌంటింగుల మీద, బెల్ అంచు మీద బరువు మోసేలా దుంగలు పెట్టాలి. ఇన్‌టేక్ రంధ్రాలు, టర్బో నోరు మూయకుండా పంపితే ఒక చిన్న నట్టు పడినా ఇంజన్ పోయినట్టే. ఇంజన్ హెడ్డు ఒక్కటే పంపేటప్పుడు, దానికి వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఉంటే కొన్ని వాల్వులు తెరుచుకుని ముఖం కిందికి పొడుచుకొస్తాయి. బల్ల మీద బోర్లా పెడితే వంగుతాయి. రెండు చెక్కల మీద, అంచులు ఆనేలా ఉంచాలి. స్టీరింగ్ ర్యాకు సరిపడా లావు పీవీసీ పైపులో దూర్చి రెండు చివరలా మూతలు వేస్తే చాలు. ఎయిర్‌బ్యాగులు, సీటుబెల్టు ప్రీటెన్షనర్లలో (గుద్దుకున్నప్పుడు బెల్టును బిగించేవి) పేలుడు మందు ఉంటుంది, అవి ప్రమాదకర సరుకు కిందికి వస్తాయి. మామూలు పార్సిల్‌లో కలపకండి.

కాగితాల విషయం. ప్యాకింగ్‌కి ముందు కాటా మీద బరువు, గేర్‌బాక్స్ నంబరు, చెవులన్నీ దగ్గరగా ఫొటోలు తీయించండి. చిరునామా చెక్క మీద మార్కర్‌తో రెండు వైపులా రాయించి, ఇంకో కాగితం పాలిథీన్‌లో పెట్టి లోపల కట్టించండి. ‘ఈ వైపు పైకి’ అని తెలుగులో, బాణం గుర్తుతో. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఉండాలి.

లారీ రసీదు మీద సరుకు విలువ రాయిస్తున్నారా అన్నది చాలామంది పట్టించుకోరు. 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం, దాని 2011 నిబంధనల ప్రకారం, ఎక్కువ రిస్కు రేటు కట్టి బుక్ చేయకపోతే నష్టపరిహారం కిరాయికి పది రెట్లు దాటదు. 600 రూపాయల కిరాయికి 6,000. ఖరీదైన పార్టయితే విలువ రాయించి అదనపు రేటు కట్టడమో, విడిగా ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ చేయడమో మేలు.

కరీంనగర్‌లో దించుకునేటప్పుడు, సంతకం పెట్టకముందే పెట్టె చుట్టూ చూడండి. పలక విరిగినా, అడుగు తడిసినా రసీదు కాపీ మీద ఆ మాట రాశాకే సంతకం. నష్టం జరిగితే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అది లేకుండా కోర్టుకు వెళ్లలేరు. విప్పాక చెవుల మొదళ్లు కిరసనాయిల్‌తో తడిపి, పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లి పది నిమిషాలు ఆగండి. సన్నని పగులు ఉంటే సుద్ద మీద తడిగీత లేస్తుంది. ఆ పరీక్ష మెకానిక్ గేర్‌బాక్స్ బండికి ఎక్కించకముందే చేయండి.